బ్యాడ్జీని ఒకసారి వెనక్కి తిప్పి చూడనివ్వండి



ఇంగ్లిష్ టీచర్ని కాబట్టి నేను రాసేది ఎప్పుడూ ఈ పత్రికలో ఇంగ్లిష్ పేజీల్లోనే వస్తుంది. ఈ నెల తెలుగులో రాస్తానని నేనే అడిగాను. మీతోపాటు ఇంట్లో ఉన్న అవ్వ, తాత కూడా చదవాల్సిన విషయం ఇది.

దీపావళి సెలవులు అయ్యాక మా ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు స్కూల్ బ్యాగుకు ఒక లోహపు బ్యాడ్జీ పెట్టుకొని వచ్చాడు. పండక్కి పెద్దవాళ్లు ఇచ్చిన డబ్బుల్లో తొమ్మిది వందలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడట. దానిమీద ఒక పెద్దమనిషి ముఖం, కింద ఒక గద్ద, సుత్తి, కొడవలి, 1934 అన్న అంకె ఉన్నాయి. గద్ద దగ్గర స్వస్తిక్ గుర్తు ఉంది. "మేడం, ఇది జర్మనీది. ఒరిజినలా డూప్లికేటా చెప్పండి" అన్నాడు.

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. టీచర్ "తెలియదు" అంటే పిల్లలు నవ్వుతారని బీఈడీలో ఉన్నప్పుడు భయపడేదాన్ని. వాడు నవ్వలేదు. "అయితే ఎట్లా కనుక్కోవాలి?" అని అడిగాడు. ఆ ప్రశ్న వల్లే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఆ బ్యాడ్జీ సంగతి. 1930లలో జర్మనీలో సభలకు, ఉత్సవాలకు, ఆటల పోటీలకు ఇలాంటి చిన్న బ్యాడ్జీలు లక్షల్లో అచ్చువేసి అమ్మేవారు. మన జాతరలో, మహాసభల్లో ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జీల్లాంటివే. మా వాడు తెచ్చింది 1934 మే 1 కార్మిక దినోత్సవం బ్యాడ్జీ నమూనా. దానిమీద ఉన్న ముఖం జర్మన్ మహాకవి గోథేది. ఇవి ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి నకళ్లూ ఎక్కువే.

ఒక శనివారం చివరి పీరియడ్‌లో భూతద్దం పెట్టి మేమంతా దాన్ని పరీక్షించాం. ఆ కాలపు బ్యాడ్జీలు చాలావరకు పలుచని రేకును అచ్చుల మధ్య నొక్కి చేసినవి. ముందు ఉబ్బెత్తుగా ఉన్నచోట వెనక గుంట పడుతుంది. అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. వెనక చాలాసార్లు తయారీదారు పేరు, ఊరు ఉంటాయి. మా వాడి బ్యాడ్జీ వెనక చదునుగా, బరువుగా ఉంది. ముందు అక్షరాలు అరిగిన సబ్బుమీది పేరులాగా మెత్తబడి ఉన్నాయి. ఉపరితలం మీద సూదిమొనంత గుంటలు కనిపించాయి. లోహాన్ని కరిగించి మూసలో పోసినప్పుడు గాలి బుడగల వల్ల అలాంటి గుంటలు పడతాయి. అంచు చుట్టూ సన్నని గీత కూడా ఉంది, మూస రెండు భాగాలు కలిసిన చోటు అది. పిల్లలే తేల్చారు: అసలుదాన్ని చూసి పోత పోసిన నకలు.

తర్వాత వారం పేరెంట్స్ మీటింగ్‌లో ఆ అబ్బాయి నాన్నగారు వచ్చారు. మొదటి ప్రశ్న, "అసలుదైతే ఎంతొస్తుంది మేడం?" నకలు అని చెప్పాను. రెండో మాట, "అయితే పారేయమనండి. మళ్లీ ఇలాంటివాటికి డబ్బులివ్వను."

ఆయనమీద నాకు గౌరవం ఉంది. పత్తి ధర ఆదోని మార్కెట్‌లో ఏ రోజుకు ఎట్లా ఉంటుందో తెలియకుండా కొడుకు ఫీజు కడుతున్న మనిషి ఆయన. అయినా ఆ రెండు మాటలతోనూ నేను ఏకీభవించను.

ఎందుకో చెప్పాలంటే మా ఇంటి విషయం ఒకటి చెప్పాలి. మాది మాధవరం. కొన్నేళ్ల కిందట మా చిన్నాయన దగ్గరికి ఒకరు 1818 సంవత్సరం వేసిన ఈస్టిండియా కంపెనీ నాణెం తెచ్చారు. దానిమీద హనుమంతుడి బొమ్మ. బియ్యాన్ని తనవైపు లాక్కుంటుందని కళ్లముందే చూపించారు. విదేశాల్లో కోట్లు ఇచ్చి కొంటారని చెప్పారు. చిన్నాయన ఆ ఏడాది మిరప డబ్బు మొత్తం ఇచ్చేశారు. ఆయన చదువురాని మనిషి కాదు, డిగ్రీ పాసయ్యారు. కంపెనీ అలాంటి బొమ్మలతో నాణేలు చలామణీలోకి తేలేదని నాణేలు తెలిసినవారు ఎప్పటినుంచో చెబుతున్నారు. దేవుళ్ల బొమ్మలతో పూజకు వాడే పాత బిళ్లలు ఉన్నాయి, అవి వేరు. బియ్యం కదలడానికి ఇనుప రజను, అయస్కాంతం చాలు. "రైస్ పుల్లింగ్" పేరుతో మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని కేసులు పేపర్లో చదవలేదు మనం?

చిన్నాయన ఆ రోజు వేసిన ప్రశ్న ఒక్కటే: "ఎంతొస్తుంది?" వేయని ప్రశ్న, "ఇది నిజమని ఎట్లా తెలుసు?" అందుకే అంటున్నాను, తొమ్మిది వందల రూపాయల నకలు బ్యాడ్జీని పదమూడేళ్ల వయసులో తనే పట్టుకున్న పిల్లవాడు నష్టపోలేదు. పెద్దయ్యాక లక్షలు పోకుండా కాపాడే అలవాటు వాడికి అక్కడ మొదలైంది. దాన్ని పారేస్తే ఆ పాఠం కూడా పోతుంది. "నకలు" అని చీటీ రాసి డబ్బాలో పెట్టమన్నాను.

బ్యాగుమీద నుంచి మాత్రం తీయించాను. "మన గడపమీద, కొత్త బండిమీద వేసే స్వస్తికే కదా మేడం" అని వాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆకారం ఒకేలా కనిపించినా, 1933 నుంచి 1945 వరకు జర్మనీలో అది సుమారు 60 లక్షల మంది యూదులను చంపించిన ప్రభుత్వానికి గుర్తు. ఈ రోజుకీ జర్మనీలో దాన్ని బహిరంగంగా ప్రదర్శించడం నేరం. చదువుకు, చరిత్ర పరిశోధనకు మాత్రం మినహాయింపు ఉంది. మన గడపమీది గుర్తుకు ఆ పాపం అంటదు. కానీ ఆ గద్దతో ఉన్న గుర్తును అలంకారంగా పెట్టుకోకూడదు. అది చదువుకోవాల్సిన వస్తువు.

చదివితే ఏం తెలిసిందో చూడండి. హిట్లర్ ప్రభుత్వం 1933లో మే 1ని జీతంతో కూడిన సెలవుగా ప్రకటించి, పెద్ద ఉత్సవాలు చేసింది. మరుసటి రోజే, మే 2న, దేశమంతటా కార్మిక సంఘాల ఆఫీసులను ఆక్రమించి నాయకులను జైల్లో పెట్టింది. ఆ తర్వాతి ఏడాది వచ్చింది సుత్తి కొడవలి ఉన్న ఈ బ్యాడ్జీ. అంటే వాడి చేతిలో ఉన్నది అసలు బ్యాడ్జీయే అయి ఉన్నా, అది చెప్పే మాట అసలుది కాదు. కార్మికుడిని గౌరవిస్తున్నామని చెబుతోంది, అప్పటికి కార్మికుడికి సంఘమే లేదు.

ఇలాంటిదే మరో ఉదాహరణ పిల్లలకు చెప్పాను. 1915 మే 7న లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది. దాదాపు 1,200 మంది చనిపోయారు. మ్యూనిక్‌లో కార్ల్ గోట్జ్ అనే పతకాల శిల్పి, యుద్ధ సామగ్రి ఉన్న ఓడలో ప్రయాణికులను ఎక్కించుకున్నారని ఓడ కంపెనీని ఎగతాళి చేస్తూ ఒక పతకం చేశాడు. దానిమీద తేదీ పొరపాటున మే 5 అని వేశాడు. అది బ్రిటిష్‌వారికి దొరికింది. ముంచడానికి ముందే జర్మనీ పతకం సిద్ధం చేసుకుందని ప్రచారం చేస్తూ, వాళ్లే 3 లక్షల వరకు నకళ్లు చేసి అమ్మారు. అసలుదాన్ని గుర్తుపట్టడం ఎట్లా? జర్మన్‌లో "మే" నెలను ఎం, ఏ, ఐ అని రాస్తారు. బ్రిటిష్ నకళ్లమీద ఎం, ఏ, వై అని ఉంటుంది. ఒక్క అక్షరం! స్పెల్లింగ్ తప్పుకు అర మార్కు తీసేస్తానని నామీద కోపంగా ఉండే పిల్లలు ఆ రోజు ఏమీ అనలేదు.

ఇవన్నీ ఎక్కడో జర్మనీ సంగతులు, మనకెందుకు అంటారేమో. అందుకే ఆ తర్వాతి శనివారం ఇంట్లో ఉన్న పాత బ్యాడ్జీ, పతకం, బిళ్ల ఏదైనా తెమ్మన్నాను. తెచ్చే ముందు ఒక లెక్క ఇచ్చాను. "1947 ఆగస్టు 15, ఆదోని, కర్నూలు జిల్లా" అని రాసి ఉన్న బ్యాడ్జీ మీకు ఎవరైనా అమ్మితే కొంటారా? పిల్లలకు అర్థం కాలేదు. ఇంటికి వెళ్లి అడిగారు. ఒకమ్మాయి వాళ్ల అవ్వ చెప్పిందట, "అప్పుడు మనది బళ్లారి జిల్లా కదే!" నిజమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి ఆ బ్యాడ్జీ ఆనాటిది కాదు. ఏ గూగుల్ చూడకుండా అవ్వ పట్టేసింది.

ఇంకో పిల్లవాడు రెండో ప్రపంచ యుద్ధం నాటి పతకం తెచ్చాడు. వాళ్ల ముత్తాత సైన్యంలో ఉండేవారట. ప్రతి దసరాకు ఆయుధ పూజ రోజు దాన్ని చింతపండుతో తోమి పూజలో పెడతారు. తళతళలాడుతోంది, బొమ్మ సగం అరిగిపోయింది. ఆ యుద్ధంలో పనిచేసిన భారతీయ సైనికుల పతకాల అంచుమీద వారి నంబరు, పేరు అచ్చువేసి ఇచ్చేవారు. బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు. అంచును భూతద్దం కింద తిప్పితే, అరిగిపోగా మిగిలిన ఇంగ్లిష్ అక్షరాలు కనిపించాయి. పిల్లవాడు ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివాడు. ముత్తాత పేరు. ఇంట్లో ఎవ్వరికీ అది అక్కడ ఉన్నట్టు తెలియదు. క్లాసులో ఒక్కరు కూడా "ఎంతొస్తుంది" అని అడగలేదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి ఇవి:

1. తోమకండి. చింతపండు, నిమ్మకాయ, బూడిద వద్దు. ఏళ్ల తరబడి పట్టిన రంగే వస్తువు వయసుకు సాక్ష్యం. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

2. ముందు వైపు కంటే వెనక, అంచు ఎక్కువ చూడండి. నకలు చేసేవాడి శ్రద్ధంతా ముందు వైపే ఉంటుంది.

3. బరువు తూయించండి. బంగారం షాపు కాటా సరిపోతుంది. అసలుదని తేలిన మరో వస్తువు బరువు, కొలతలతో పోల్చండి. మూసలో పోసిన నకలు చల్లారేటప్పుడు కుంచించుకుపోయి కొంచెం చిన్నదవుతుంది.

4. దానిమీది ప్రతి మాటా ఆ తేదీకి సరిపోతుందా చూడండి. 1956 నవంబరు 1కి ముందు ఆంధ్రప్రదేశ్ లేదు. 1957 ఏప్రిల్‌కు ముందు రూపాయికి వంద పైసల లెక్క లేదు. 1972కు ముందు పిన్ కోడ్ లేదు.

5. అమ్మేవాడి కథను చివర్లో వినండి. కథకు డబ్బు ఇవ్వకండి, వస్తువుకే ఇవ్వండి.

"ఇది సిలబస్‌లో ఉందా? మార్కులు వస్తాయా?" అని కొందరు అడిగారు. లేదు. మార్కులు రావు. కానీ నేను చెప్పే ఇంగ్లిష్ పాఠంలో పేరా చదివి ప్రశ్నలకు జవాబు రాయడం అంటే ఇదే పని: ఎదురుగా ఉన్నదాన్ని జాగ్రత్తగా చూడటం, అందులో ఉన్నదేదో మనం ఊహించుకున్నదేదో విడదీయడం. ఫోన్‌లో వచ్చిన ప్రతి ఫార్వర్డ్‌కూ ఇదే పరీక్ష. పరీక్ష పేపర్లో జవాబు ముందే ఒకరికి తెలిసి ఉంటుంది. ఆ బ్యాడ్జీ ముందు నాకూ తెలియదు, పిల్లలకూ తెలియదు. అలాంటి ప్రశ్న ముందు కూర్చునే అవకాశం మన పిల్లలకు చాలా తక్కువ.

పాత వస్తువులు కొనివ్వమని నేను అడగడం లేదు. సంక్రాంతి సెలవుల్లో మీ ఇంట్లో ట్రంకు పెట్టె ఒకసారి తీయండి. దొరికిన బ్యాడ్జీనో పతకాన్నో బిడ్డ చేతికి ఇచ్చి, అవ్వను, తాతను పక్కన కూర్చోబెట్టండి. ఎంతొస్తుందని అడగాలనిపిస్తే ఆ ఒక్క పూట ఆగండి. "ఇది ఏమిటి, ఎట్లా తెలుసు?" అని అడిగి, జవాబు వాళ్లనే వెతుక్కోనివ్వండి.

సెలవుల తర్వాత మొదటి శనివారం భూతద్దం నా టేబుల్ మీదే ఉంటుంది.

– ఇంగ్లిష్ టీచర్, ఎమ్మిగనూరు బ్రాంచి