నినాదం కాని పాటలకూ చోటు కావాలి

జన నాట్యమండలి పాటల్లో మరుగున పడినవి ఎన్నో

సంగారెడ్డి: రామచంద్రాపురం పక్కనున్న తెల్లాపూర్‌లో గద్దర్ విగ్రహం నెలకొల్పటానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో అనుమతి ఇచ్చింది. ఆయన పేరిట సినిమా అవార్డులు పెట్టి 2025 జూన్‌లో తొలిసారి ప్రదానం చేసింది. ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన పాటగాడికి ఈ గౌరవం దక్కటం హర్షించదగిన విషయమే. అయితే విగ్రహం పాడదు. పైగా విగ్రహం ఒక్కరిదే అవుతుంది. ఆయనతో కలిసి గజ్జె కట్టి, వంత పాడి, డప్పు కొట్టినవారు ఎందరో వున్నారు. ఆ బృందం ఏళ్ల తరబడి పాడిన పాటల్లో ఈనాడు జనం నోట మిగిలినవి నాలుగైదు మాత్రమే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారాల నీడన బతికేవారికి అక్కరకు వచ్చే పాటలు ఆ నాలుగైదింటిలో కంటే మరుగున పడినవాటిలోనే ఎక్కువ వుండటం గమనించదగిన సంగతి.

మన జిల్లా బిడ్డలే

జన నాట్యమండలి 1972లో ఏర్పడింది. దానికి బీజం వేసినవారిలో ఇద్దరు ఉమ్మడి మెదక్ జిల్లావారే. ఒకరు గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి.నర్సింగరావు. తరువాతి కాలంలో 'రంగుల కల', 'దాసి' చిత్రాలు తీసి దేశమంతటా పేరు తెచ్చుకున్నది ఆయనే. రెండవవారు గుమ్మడి విఠల్‌రావు, అంటే గద్దర్. ఆ పేరు స్వాతంత్ర్య పోరాట కాలం నాటి గదర్ పార్టీ నుంచి వచ్చింది. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘంలో ఈ ఇద్దరికీ జత కుదిరింది. అటు ఉత్తరాంధ్రలో పార్వతీపురం ప్రాంతానికి చెందిన వంగపండు ప్రసాదరావు తోడయ్యారు. దివాకర్, సంజీవ్, డప్పు రమేశ్ వంటి వారు మండలి గొంతుకు బలమయ్యారు. ఈ పేర్లు నేటి కుర్రవాళ్లలో ఎందరికి తెలుసునన్నది ప్రశ్నే.

ఈ దారి కొత్తగా పుట్టింది కాదు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథను, పల్లెపాటను ప్రజల సమస్యలు చెప్పటానికి వాడుకున్నది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటివారు కట్టిన పాటలు ఊరూరా పాకాయి. జన నాట్యమండలి అదే బాట పట్టి, పంచె కట్టి, భుజాన గొంగడి వేసి, కాలికి గజ్జె కట్టి బస్తీలలో, పల్లెలలో పాడింది. ముందు ఒకరు పాట ఎత్తుకుంటారు, ఇద్దరు ముగ్గురు వంత అందుకుంటారు. ఒగ్గుకథ, బుర్రకథ చూసిన పల్లె మనిషికి ఈ తీరు కొత్త కాదు. కనుకనే చదువు రానివారు కూడా ఒకటి రెండుసార్లు వినగానే వంత కలిపేవారు.

ఏవి మిగిలాయి, ఎందుకు మిగిలాయి

ఈనాడు అందరికీ తెలిసిన పాటలను లెక్కించి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. 1980లో విడుదలైన 'మా భూమి' చిత్రంలో గద్దర్ కనిపించి పాడిన బండి పాట అందరికీ తెలుసు. అది యాదగిరి రాసినదని మాత్రం చాలామందికి తెలియదు. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా'లోని చెల్లెలి పాట తెలుసు. 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ'లోని ప్రొద్దుపొడుపు పాట తెలుసు. ఇవన్నీ సినిమా తెరమీదుగా ఇంటింటికీ వచ్చినవి. కొన్ని ఉద్యమాల ఊరేగింపులలో, బహిరంగ సభలలో మారుమోగి నిలిచాయి.

1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో గద్దర్ పాడినప్పుడు లక్షల్లో జనం వచ్చారు. అంతటి సభలో చివరి వరుసలో నిలబడ్డవాడికి అందాలంటే పాట గట్టిగా వుండాలి, పల్లవి నినాదంలా వుండాలి. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇరవైమంది కూర్చుని వినవలసిన పాట అక్కడ పాడలేరు. ఏడిపించే పాట, పలకరించే పాట, జాగ్రత్త చెప్పే పాట మైదానంలో చిన్నబోతుంది. ఆ విధంగా పెద్ద సభలు కొన్ని పాటలను పెంచాయి, మరికొన్నిటిని వెనక్కు నెట్టాయి. మరుగున పడినవి బాగులేక పడలేదు. వాటికి తగిన చోటు, తగిన సమయం కరువైనందువల్లనే అవి వినబడటం లేదు.

వినవలసిన పాటలు కొన్ని

గద్దర్ తొలి రోజులలో కట్టిన రిక్షా పాటనే తీసుకోండి. రిక్షా తొక్కేవాడిని ఆపి, నీ చెమటకు వచ్చేదెంత, పోయేదెంత అని విచారించే పాట అది. రోడ్లమీద తొక్కుడు రిక్షాలు పోయాయి, కనుక ఆ పాటకు కాలం చెల్లిందనేవారు వున్నారు. ఇస్నాపూర్ చౌరస్తాలో తెల్లవారుజామున కంట్రాక్టరు పంపే బండి కోసం నిలబడ్డ కూలీని చూసినవారు ఆ మాట అనలేరు. బండి మారింది గాని బేరం మారలేదు.

1983 నాటి 'రంగుల కల' చిత్రంలో గద్దర్ పాడిన ఇంకొక పాట వున్నది. ఊరు విడిచి పట్నంలో రిక్షా తొక్కే కొడుకుకు పైలం చెప్పే పాట అది. అందులో తిట్టు లేదు, నినాదం లేదు. ఎక్కేచోట, దిగేచోట, మలుపు దగ్గర కొడుకు ఎట్లా వుండాలో పెద్దలు చెప్పినట్టే వుంటుంది. దారి పొడవునా పొంచి వున్న ప్రమాదాలు ఒక్కొక్కటే ముందుకు వస్తూ వుంటే నవ్వు వస్తుంది, ఆ వెనుకనే గుండె గుబేలుమంటుంది. బతుకుతెరువు కోసం బిడ్డను దూరం పంపిన ప్రతి ఇంటి పాట అది.

వంగపండు కట్టిన యంత్రం పాట మూడవది. ఆయన విశాఖపట్నం నౌకానిర్మాణ కేంద్రంలో ఫిట్టరుగా పనిచేసిన మనిషి. యంత్రం ఎట్లా నడుస్తుందన్న చిన్న ప్రశ్న వేసి, జవాబును కార్మికుడి చేతుల దాకా తీసుకుపోతాడు. పుస్తకం చదివి రాసిన పాటకు, స్పానరు పట్టిన చేయి రాసిన పాటకు తేడా ఇందులో తెలుస్తుంది. ఆయన పల్లెపాటలు కొన్ని సినిమాలకెక్కి మోగినంతగా ఈ పాట మన పారిశ్రామికవాడలో వినిపించకపోవటం విచిత్రమే. ఇంత యంత్రం మధ్య వున్నవారికి యంత్రం పాట తెలియదు.

ఆడవారి పాటలు మరీ వెనకబడ్డాయి. అమావాస్యనాడు ఆడపిల్ల పుట్టిన ఇంటి కథ చెప్పే గద్దర్ పాటకు పల్లె స్త్రీల పాటల్లోని వంతనే వాడారు. వరస తెలిసినదే కావటంవల్ల వినేవారు మొదట తల ఊపుతారు. మాట చెవిన పడ్డాక ఊపటం ఆగిపోతుంది. అదే విధంగా లచ్చుమమ్మ అనే కూలి తల్లిని పలకరించే పాట వున్నది. నాటు వేసిన చేతులతోనే ఇప్పుడు మందుల కంపెనీలలో డబ్బాలు సర్దుతున్న స్త్రీలు ఈ చుట్టుపక్కల వందలాదిగా వున్నారు. ఆ పాట వారిని గురించే కట్టినట్టు వుంటుంది.

వీటన్నిటికీ ఒక సుగుణం వున్నది. వరస జనం దగ్గర తీసుకున్నది, మాట జనం మాట్లాడేది. మెదక్ యాసలో 'జర పైలం' అంటే ఎంత ఆప్యాయత వున్నదో వేరే మాటల్లో చెప్పటం కష్టం. మండలి కవులు ఆ ఆప్యాయతను చెడగొట్టకుండా పాటలోకి తెచ్చారు.

రాజకీయం మాట

ఇక్కడ ఒక అభ్యంతరం రాక తప్పదు. మండలి తరువాతి కాలంలో పీపుల్స్‌వార్ పార్టీ సాంస్కృతిక విభాగంగా పనిచేసిందన్నది దాచవలసిన విషయం కాదు. 1985 నుంచి కొన్నేళ్లు గద్దర్ అజ్ఞాతంలో వున్నారు. 1992లో ప్రభుత్వం పీపుల్స్‌వార్‌ను, దాని అనుబంధ సంఘాలను నిషేధించింది. 1997 ఏప్రిల్ 6న గద్దర్‌పై కాల్పులు జరిగాయి. తుపాకి దారిని ఒప్పుకోనివారు అప్పుడూ వున్నారు, ఇప్పుడూ వున్నారు. గద్దర్ కూడా చివరి దశలో ఆ దారి విడిచి, 2018 ఎన్నికలలో మొదటిసారిగా ఓటు వేశారు.

కనుక మండలి పాటలన్నిటినీ తలకెత్తుకోమని ఎవరూ అనబోరు. పాటను పాటగా విని మంచి చెడ్డలు తేల్చుకోవటం మేలు. కొడుకుకు జాగ్రత్త చెప్పే పాటలో, ఆడపిల్ల బతుకును గురించిన పాటలో ఏ పార్టీవారికైనా అభ్యంతరం ఏముంటుంది? నినాదపు పాటలే మిగిలి, ఇటువంటివి పోతే మండలిని గురించి రేపటివారికి సగం సంగతే తెలుస్తుంది. మెచ్చుకునేవారికీ విమర్శించేవారికీ కూడా అది నష్టమే.

పారిశ్రామికవాడకు పాట ఏది?

ఈ ప్రాంతం సంగతి చూద్దాం. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్ వచ్చింది. ఆ వెనుక పారిశ్రామికవాడలు లేచాయి. నక్కవాగు నీళ్లు రంగు మారి మంజీరలో కలిశాయి. కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. పొలం పోయిన రైతు గేటు దగ్గర కూలీ అయ్యాడు. ఇంత జరిగినా ఈ ప్రాంతం తన కథను చెప్పుకోవటానికి పది మందికీ నోటికి వచ్చే పాట లేదు.

నేడు ఈ కర్మాగారాలలో పనిచేసేవారిలో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవారు ఎందరో. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా బలయ్యారు. వారిలో చాలామంది అట్లా దూరం నుంచి వచ్చినవారే. ఊరినుంచి ఫోను చేసి పైలం అని చెప్పిన తల్లులు వారికీ వుండి వుంటారు. మండలి పాట వారికి తెలియదు, వారి పాట మనకు తెలియదు. బీహారులో భిఖారీ ఠాకూర్ రాసిన 'బిదేశియా' నాటకం వలస పోయిన మగడి కోసం ఎదురుచూసే ఇల్లాలి కథే. ఒడిశాలో దాస్‌కాఠియా అని ఇద్దరు గాయకులు పాడే కథాగానం వున్నది, అందులోనూ మన కథల మాదిరిగా ఒకరు ప్రధానం, ఒకరు వంత. ఇంత దగ్గర చుట్టరికం వుండి కూడా ఒకే షెడ్డులో పనిచేసేవారు ఒకరి పాట ఒకరు వినకుండా షిఫ్టు దిగిపోతున్నారు.

చేయవలసినది

ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. మండలి పాటల చిన్న పుస్తకాలు, పాత కేసెట్లు ఇంకా కొందరి ఇళ్లలో అటకమీద వున్నాయి. కేసెట్ టేపు చాలాకాలం ఆగదు, బూజు పడుతుంది. సంగారెడ్డి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో వీటికి ఒక బీరువా కేటాయించి, దాతల నుంచి సేకరించి, కొత్త పద్ధతిలో భద్రపరచవచ్చు. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. వంత పాడినవారిలో మిగిలినవారు కూడా వయసు మీరినవారే. వారు పాడగలిగినంత కాలంలోనే పాడించి రికార్డు చేయించుకోవాలి. ఏ వరస ఏ ఊరిలో దొరికింది, ఏ మాట ఎందుకు మార్చారు అన్నది చెప్పగలవారు వారే.

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినమని కర్మాగారాల గేట్లకు గుడ్డలు కడతారు, ప్రతిజ్ఞ చదువుతారు. ఆ రోజు ఒక్క పది నిమిషాలు ఆ పైలం పాటను పాడిస్తే, హిందీలోకి, ఒడియాలోకి మార్చి కూడా వినిపిస్తే ప్రతిజ్ఞ కంటే ఎక్కువకాలం గుర్తుంటుంది. కార్మిక సంఘాలవారు మే దినోత్సవానికి ఎప్పుడూ పాడే పాటలతోపాటు యంత్రం పాటను చేర్చుకోవచ్చు. పాఠశాలల వార్షికోత్సవాలలో సినిమా పాటలకు ఎగిరే పిల్లల చేత ఆడపిల్ల పాట ఒకటి పాడించటం ఉపాధ్యాయులకు అసాధ్యమేమీ కాదు.

తెల్లాపూర్ విగ్రహానికి ఏటా దండలు పడతాయి, ఉపన్యాసాలు జరుగుతాయి. ఆ కార్యక్రమాలలో ఎవరికీ తెలియని పాట ఒకటి కొత్తగా వినిపించాలని నిర్వాహకులు నియమం పెట్టుకుంటే బాగుంటుంది. పదేళ్లలో పది పాటలు తిరిగి జనంలోకి వస్తాయి. జిల్లా యంత్రాంగం, గ్రంథాలయ సంస్థ, కార్మిక సంఘాలు ఈ దిశగా ఆలోచించవలసి వున్నది.