అవధానము – ఏకాగ్రత

తిరుపతి వేంకట కవులలో ఒకరైన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరమునకు చేరువనున్న యండగండిలో జన్మించిరి. ఆ జంటకవులు అవధానవిద్యకు వన్నె తెచ్చిరి. అష్టావధానమునందు ఎనమండుగురు పృచ్ఛకులుందురు. వారిలో ఒకరు అప్రస్తుత ప్రసంగముతో అవధాని మనస్సును మరలింప యత్నింతురు. అవధాని వారికి చమత్కారముగా బదులు చెప్పుచునే, కలము కాగితము లేక పద్యములు పూరించి, తుదకు అన్నింటిని ధారణచేసి అప్పగించును.

నేడు మనకు అట్టి పృచ్ఛకుడు చేతిలోని సెల్‌ఫోనే. దానికి బదులు చెప్పుట తప్పు కాదు; చేపట్టిన పద్యమును మరచుట తప్పు.

తీరిక లేదని కొందరందురు. మా పాలకొల్లు క్షీరారామ ప్రాంగణమున పది నిమిషములు మౌనముగా కూర్చుండి, ఒక పద్యమును అర్థము తెలిసి నేర్చుకొనుటకు ధనమక్కరలేదు, పాండిత్యమక్కరలేదు. అట్లు నేర్చిన పద్యము కష్టకాలమున తోడుండును. దినమునకు ఒక్కటి చాలును.