నల్లమలలో సైకిలు బాటలు

మొన్న మా మిత్రుని కుమారుడొకడు హైదరాబాదు నుండి వచ్చి మా యింట రెండు దినములుండెను. అతని వెంట ఒక సైకిలు వచ్చినది. మన యూళ్ళలో పాలవాడును పోస్టుజవానును త్రొక్కు సైకిలును చూచిన కంటికి అది వింతగా దోచినది. పిడి పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగియున్నది. టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు. అందులోని గాలియొత్తిడి పందెపు సైకిలులోని దానికంటె మిక్కిలి తక్కువ. దీనిని గ్రావెల్ సైకిలందురట. తారు లేని కంకర దారులపైనను, గరపనేలపైనను దూరప్రయాణము చేయుటకై దీనిని కల్పించిరి. గాలి తక్కువగుటచే చక్రము రాతిమీద ఎగిరిపడక దానినొరసికొని దాటిపోవును. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రమున ఎంపోరియా అను చిన్న పట్టణమునందు 2006లో మొదలైన 200 మైళ్ళ కంకరదారి పందెము ఈ క్రీడకు లోకమున పేరు తెచ్చినది. 2022లో అంతర్జాతీయ సైకిలు సంఘమువారు ఇటలీలో దీనికి మొదటి ప్రపంచపోటీ జరిపిరి.

ఆ యువకుడు నల్లమల చూడవలెనని బయలుదేరినాడు. అడవి యంచున గేటువద్ద కావలివారతనిని ఆపి వెనుకకు పంపిరి. అతని కోపమంతయు ఒక్క ప్రశ్నలో వెలువడినది: "బాబాయిగారూ! పొగ గ్రక్కుచు రొద చేయుచు పోవు జీపునకు టిక్కెట్టిచ్చి లోనికి పంపుచున్నారు. పొగయు లేని, చప్పుడును లేని నా సైకిలును ఆపుచున్నారు. ఇదేమి న్యాయము?"

ప్రశ్న న్యాయమైనదే. దానిని త్రోసిపుచ్చుట మాకిష్టము లేదు. కావుననే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

మొదట ఆ దారుల చరిత్ర చెప్పవలయును. నల్లమలలోని కంకరదారులు విహారమునకు పుట్టినవి కావు. 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చిన పిదప, అంతవరకు ఊరి పశువులు మేయుచుండిన కొండ ఒక దినమున రిజర్వు అడవియై కూర్చున్నది. కలపను, వెదురును దించుటకు బండిదారులు వేసిరి. తరువాత అవియే లారీదారులైనవి. నేడవి కావలివారు తిరుగుటకును, వేసవిలో కార్చిచ్చు నాపుటకును వాడుకలో నున్నవి. ఆ కంచె మన తాతలకు చేసిన గాయము చిన్నది గాదు. తమ పశువులను మేపుకొనుటకు పుల్లరి కట్టనన్న పల్నాటి రైతులు 1921లో తిరుగబడిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ఆ పోరాటమున తుపాకిగుండ్లకు బలియయ్యెను. కాబట్టి అడవికి గేటు కనబడినంతనే ఆంధ్రుని మనస్సున సందేహము పుట్టుట సహజము. మాకును పుట్టును.

అయినను 1882 నాటి గేటునకును, ఈనాటి గేటునకును భేదము కలదు. నాడు దానివెనుక నున్నది కలప వ్యాపారము. నేడున్నది పులి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1973లో పుట్టిన పులుల రక్షణ పథకమును, 1983లో ఆ పథకమున నల్లమల చేరుటయు కలిసి ఈ కొండలను దేశమునందలి గొప్ప పులిస్థానములలో నొకటిగా నిలిపినవి. రాష్ట్రవిభజన పిదప కృష్ణకు ఉత్తరమున అమ్రాబాదు, దక్షిణమున నాగార్జునసాగర్–శ్రీశైలము అని రెండు పేర్లైనవి గాని, నది నీదు పులికి రాష్ట్రముల సరిహద్దు తెలియదు గదా. పులి మాటకేమి అని రైతుసోదరులు అనుకొనవచ్చును. గుండ్లకమ్మ పుట్టినది ఈ కొండలలోనే. కంభము చెరువు నిండుట ఆ నీటివలననే. పై వాలున మన్ను కదలినచో క్రింద పూడిక పేరుకొనును. ఇది చెరువు క్రింద సేద్యము చేయువారికి మేము చెప్పవలసినది గాదు.

ఇక జీపునకును సైకిలునకును గల భేదము. యువకుడు తన సైకిలునకు సుగుణముగా చెప్పిన నిశ్శబ్దమే అడవిలో దాని దోషము. జీపు అరమైలు దూరమున నుండగనే ఎలుగు విని దారి తొలగును. అది వృక్షముల మాటునకు పోవుటకు వ్యవధి కలదు. కొండవాలున గంటకు 40 కిలోమీటర్ల వేగమున చప్పుడు లేక దిగుచున్న సైకిలు మలుపు తిరిగినంతనే ఎలుగు ముక్కు ముందుండును. నల్లమల ఎలుగు చూపు మందమైనది. వెనుకనుండి గాని ముందునుండి గాని హఠాత్తుగా వచ్చిన మనిషిని చూచినచో పరుగెత్తుటకంటె మీదపడుటయే దాని స్వభావము. 2016లో అమెరికాలో మోంటానా రాష్ట్రమున, అడవితో జీవితమంతయు పరిచయమున్న ఒక అటవీ ఉద్యోగియే సైకిలుపై వేగముగా పోవుచు మలుపువద్ద గ్రిజ్లీ ఎలుగును ఢీకొని దానిచేత మరణించెను. అతడు ఎరుగనివాడు గాదు. ఎలుగునకును తప్పు లేదు. వేగమును నిశ్శబ్దమును కలిసిన ఫలమది.

మఱియొక సంగతి. ఎండకు వెరచి సైకిలువారు తెల్లవారుజామున బయలుదేర గోరుదురు. పులియు, చిరుతయు, ఎలుగును తిరుగు వేళ అదియే. పొదలలో కంటె మెత్తని మట్టిదారిమీద నడచుట పులికిని ఇష్టమే. ఒకే దారి, ఒకే గడియ.

ఇంతమాత్రమున సైకిలును దోషిగా నిలుపుట న్యాయము గాదు. మన్ను కోతకు సైకిలే కారణమని కొందరందురు. మోంటానాలోనే 1994లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, తడిసిన కొండదారులపై గుఱ్ఱపు గిట్టలును మనుష్యుల పాదములును చక్రములకంటె ఎక్కువ మట్టిని కదలించినట్లు తేలినది. జర్మనీలో బాడెన్–వుర్టెంబెర్గు రాష్ట్రపు అటవీచట్టము రెండు మీటర్లకు తక్కువ వెడల్పుగల బాటలపై సైకిలును నిషేధించి, అంతకు మించిన అటవీ దారులను విడిచిపెట్టినది. అందుచే ప్రసిద్ధమగు బ్లాక్ ఫారెస్టున సైకిలువారు వెడల్పైన కంకరదారులపై యథేచ్ఛగా పోవుచున్నారు. మనదేశముననే భరతపురమునందలి కేవలదేవ పక్షిక్షేత్రమున సైకిళ్ళను అద్దెకిచ్చి లోనికి పంపుదురు. అయితే అక్కడ పులులు కాపురము లేవు, దారి బల్లపరుపు, మలుపుల దిగుడు లేదు. దృష్టాంతము తెచ్చునప్పుడు నేలయు మృగమును సరిపోవలెను.

జీపులను గూర్చియు మేము మౌనము వహింపము. 2012 జులైలో సుప్రీంకోర్టువారు పులుల కేంద్రస్థానములందు విహారమును తాత్కాలికముగా ఆపి, అక్టోబరులో నియమములతో విడిచిరి. కేంద్రస్థానమున 20 శాతమునకు మించిన నేలను విహారమునకు వాడరాదని ఆ నియమములలో నొకటి. ఫరహాబాదునను తుమ్మలబైలునను నడచు జీపులు ఆ హద్దులోనే నడువవలయును. జీపునకు టిక్కెట్టు దొరకుచున్నది గనుక సైకిలునకును దొరకవలెననుట కంటె, జీపుల సంఖ్యను లెక్క అడుగుట మేలు.

ఇప్పుడు అసలు మాట. నల్లమలకు యజమానులెవరని అడిగినచో ప్రభుత్వమువారు ఒకటి చెప్పుదురు, చట్టమొకటి చెప్పును. ఆ కొండలను అడుగుడుగునను ఎరిగినవారు మాత్రము చెంచులు. అహోబిల నరసింహస్వామినే అల్లునిగా చేసికొన్న జాతి యది. 1943లో హైమెన్‌డార్ఫు వీరిని గూర్చి పెద్ద గ్రంథమునే వ్రాసి ప్రకటించెను. కేంద్రస్థానమునుండి వారి పెంటలను అంగీకారముతో బయటికి తరలించుటకు కుటుంబమునకు 10 లక్షల రూపాయలుగా నుండిన పరిహారమును 2021లో 15 లక్షలు చేసిరి. పులికి మనుష్యుల అలికిడి పనికిరాదని తేనెపట్టు కొట్టుకొను చెంచునకు ఒకప్రక్క చెప్పుచు, రెండు లక్షల వెలగల సైకిలెక్కి వచ్చు పట్టణపు బిడ్డకు మఱియొకప్రక్క గేటు తెరచుట ఏ ధర్మము? చెంచును లేపి ఖాళీ చేసిన దారిమీదనే మన బిడ్డలు వినోదముగా త్రొక్కుదురా? ఈ ప్రశ్నకు ఉత్తరము లేనంతవరకు కేంద్రస్థానమున ఒక్క సైకిలు బాటయు వలదని మా నిశ్చితాభిప్రాయము. 2006 అటవీహక్కుల చట్టము ప్రకారము చెంచులకు రావలసిన పట్టాల సంగతి ముందు తేలవలెను. మన విహారము తరువాత.

మఱియొక అపాయము క్రొత్తది. పెద్దలకు వెంటనే తట్టదు. నేటి సైకిలు వారి చేతి గడియారము తాము పోయిన దారినెల్ల గీతగా గీచి లోకమునకు ప్రకటించును. స్ట్రావా అను సంస్థ ఇట్లు పోగైన గీతలతో ప్రకటించిన ప్రపంచపటమున, 2018 జనవరిలో, ఎడారులలోని సైనికశిబిరముల ఆనవాళ్ళు బయటపడి ప్రభుత్వములు కలవరపడినవి. సైనికులు దాచుకొన్న దారియే దాగనప్పుడు, వేసవిలో పులులన్నియు చేరు నీటిచెలమకు పోవు దారి దాగునా? ఉచ్చులు పన్నువానికి పటము చేతికిచ్చినట్లగును. యువకులు దురుద్దేశముతో చేయు పని గాదిది; అయినను ఫలితము ఒక్కటే.

మఱి ఆ పిల్లవానికి ఏమి చెప్పవలెను? కొండ చూడవలెనను కోరిక చెడ్డది గాదు. మోటారు సుఖమునకు అలవాటుపడిన కాలమున కాళ్ళతో శ్రమించి అడవి చూడ వచ్చువానిని నిరుత్సాహపరచుట మాకును కష్టము. మన పూర్వులు దీనికొక మార్గము ఏర్పరచిరి. ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు వేలకొలది వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలమునకు కాలినడకన పోవుదురు. చైత్రపూర్ణిమకు సలేశ్వరపు లోయకు జనము దిగుదురు. వీనిలోని కిటుకు గమనింపుడు: దినములు ముందుగనే తెలిసినవి, దారి యొక్కటే, గుంపులుగా, శివనామముతో చప్పుడు చేయుచు పోవుదురు. తక్కిన సంవత్సరమంతయు ఆ దారి మృగములది. ఆ యాత్రలలోనూ ప్లాస్టికు చెత్త కొండలవలె మిగులుచున్నదని ఒప్పుకొనవలయును, అది వేరు కథ.

ఈ పద్ధతియే సైకిలునకు పనికివచ్చును. అమ్రాబాదున 2,611 చదరపు కిలోమీటర్లలో 2,166 కేంద్రస్థానము. బఫరు 445 మాత్రమే. దక్షిణమున కేంద్రస్థానము రమారమి 2,595, బఫరు 700. బఫరు అంచులందును, దాని వెలుపలి కొండపల్లెల మధ్యను కంకరదారులకు కొదువ లేదు. అందు కొన్నిటిని ఎన్నుకొని, చలికాలపు నెలలలో నిర్ణయించిన దినములందు, ఎండ ఎక్కిన పిదప మొదలై సందె పడకముందే ముగియునట్లు, పదిమందికి తక్కువగాని గుంపులను పంపవచ్చును. సైకిలునకు గంట కట్టి మ్రోగించుచు పోవలయును. గుంపునకు ముందొక చెంచు యువకుడు, వెనుకనొకడు తప్పక ఉండవలయును. దినమునకు ఎవరెంత చెల్లింపవలెనో ఆ గూడెపు గ్రామసభయే నిర్ణయించి ఆ సొమ్ము తానే పుచ్చుకొనవలయును. గడియారపు గీతలను గేటువద్దనే ఆపివేయవలయును. మార్చి మొదలు గడ్డి ఎండి నిప్పుభయము కలుగు నెలలలోను, వానకాలములోను దారి మూసియుండవలయును. దారులు ఎన్నుకొనుటకు ముందు ఆయా పెంటల పెద్దలను కూర్చుండబెట్టి అడుగవలయును. వారు వలదన్న దారి పటమున నుండరాదు.

ఇదంతయు మేము చెప్పగా విని ఆ యువకుడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "గంట కట్టుటకు నాకేమియు అభ్యంతరము లేదు గాని, నాతో వచ్చు చెంచు అన్నకు సైకిలెక్కడిది?" అని అడిగెను. ఆ సంగతి మాకు తట్టలేదు. రుసుములో కొంత భాగముతో గూడెమునకు నాలుగు సైకిళ్ళు కొనవలెనని పై నియమములకు చేర్చుచున్నాము.