ఎండుమాంసం చెప్పే వలసకథ

దొరికిననాటి ఆహారాన్ని దొరకని నాటికి దాచుకోవడం మానవుడు సాధించిన గొప్ప విద్యలలో ఒకటి. రాజుల విందులను గురించి కావ్యాలలో వర్ణనలు గలవు. పాకశాస్త్ర గ్రంథాలూ గలవు. కాని ఇంటి డాబా మీద దండెం కట్టి, ఉప్పు పట్టించిన మాంసాన్ని ఎండబెట్టిన తల్లిని గురించి వ్రాసినవారు ఎందరు? ఆ విద్యను మనం పేదరికపు గుర్తుగా చూస్తున్నామే గాని, చరిత్రగా చూడడం లేదు. ఈ దృష్టి మారవలెనని నా అభిప్రాయం.

నాచేత ఈ మాట వ్రాయించినది ఒక చిన్న సంఘటన. సెలవుల అనంతరం పల్లె నుండి తిరిగి వచ్చిన వసతిగృహ మిత్రుడొకడు, తల్లి ఇచ్చి పంపిన డబ్బా విప్పాడు. అందులో వేయించిన ఒట్టి తునకలు ఉన్నాయి. ఆ వాసనకు ప్రక్కవారు ముక్కు మూసుకున్నారు. అతడు మారుమాటాడక మూత పెట్టి, వరండా చివరకు పోయి ఒంటరిగా తిన్నాడు. ముక్కు మూసుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. ఆ తరువాత రంజాను నెలలో మేమంతా కలిసి హలీం తిని, ఇది మన హైదరాబాదు కీర్తి అని పొగుడుకున్నాం. ఒకదానికి కీర్తి, మరొకదానికి సిగ్గు ఎందుకు వచ్చినవి?

బక్రీదునాడు ఖుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేసి, ఒకటి బీదలకు, ఒకటి బంధుమిత్రులకు పంచి, ఒకటి ఇంటికి ఉంచుకోవడం మనలో ఆచారం. శీతలయంత్రాలు లేని రోజులలో ఇంటి భాగాన్ని సన్నని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఆరవేసేవారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో అది సూఖా గోష్త్. తెలంగాణ పల్లెలలో, ముఖ్యంగా దళితవాడలలో, అవే ఒట్టి తునకలు. ఉప్పు మాంసంలోని నీటిని వెలికి లాగుతుంది. మిగిలిన తడిని ఎండా గాలీ హరిస్తాయి. తడి చాలనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. ముక్క మందమైతే పైన ఎండి లోపల కుళ్లుతుంది. పండుగ వానకాలంలో వచ్చిన ఏడు ఎండ లేదు గనుక, పొయ్యి మీది వేడికి, పొగకు వ్రేలాడదీయవలసి వచ్చేది. బడి ముఖం చూడని తల్లులకు ఇదంతా తెలుసు. ఇది శాస్త్రం కాదనగలమా?

ఇదే విద్య అన్యదేశాలలో ఎంతటి గౌరవం పొందినదో చూడండి. టర్కీలోని కైసేరి నగరం పస్తిర్మాకు ప్రసిద్ధి. మాంసఖండాన్ని ఉప్పులో ఊరబెట్టి, కడిగి, బరువుల క్రింద అదిమి, ఆరబెట్టి, పైన మెంతిపిండి, వెల్లుల్లి, మిరపపొడి కలిపిన ముద్దను దట్టంగా పట్టించి మరల ఆరబెడతారు. అదమడం అనే అర్థం గల మాట నుండియే ఆ పేరు పుట్టింది. శరదృతువు చివర వచ్చే కొద్దిపాటి వెచ్చని దినాలను టర్కీ ప్రజలు 'పస్తిర్మా వేసవి' అంటారు. ఒక వంటకం పేరు ఋతువుకే పెట్టుకున్న జాతి దానిని చూసి సిగ్గుపడుతుందా? ఆ ముద్దలోని మిరపకూడా అక్కడిది కాదు. 1492 తరువాత అమెరికా ఖండం నుండి సముద్రాలు దాటి వచ్చినది.

ఉస్మానీయుల ఏలుబడితోపాటు ఈ వంటకం రుమేనియాకు చేరి 'పస్త్రమా' అయింది. అచటి యూదులు దానిని బాతుజాతి పక్షి మాంసంతోకూడా చేసుకున్నారు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో దారిద్ర్యానికీ వివక్షకూ తాళలేక వారిలో అనేకులు న్యూయార్క్ చేరారు. అక్కడ ఆ పక్షిమాంసం ప్రియం. గొడ్డుమాంసంలో పొట్టభాగపు చౌకముక్క అందుబాటు. దానినే ఉప్పునీటిలో ఊరబెట్టి, మిరియాలు, ధనియాలు పట్టించి, పొగబెట్టి, ఆవిరిపై ఉడికించారు. పేరు పాస్ట్రామీ అయింది. నేడు అది న్యూయార్క్ నగరపు ప్రతిష్ఠగా చెలామణి అవుతున్నది. 1915లో స్వస్థలాల నుండి వెళ్లగొట్టబడి, ఊచకోతలో మిగిలిన ఆర్మీనియనులు బేరూతు, కైరో వంటి నగరాలలో తలదాచుకున్నప్పుడు వారితో వచ్చినదీ ఈ విద్యయే. కట్టుబట్టలతో వెళ్లిన మనిషి నుండి ఇల్లు లాగుకోవచ్చును, పొలం లాగుకోవచ్చును. చేతిలోని విద్యను లాగుకోవడం ఎవరి తరమూ కాదు.

మరి మనం గర్వించే హలీం ఎక్కడిది? దాని మూలం అరబ్బుల హరీస్. నిజాం సైన్యంలో కొలువుకు హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల వంటలలో అది ఒకటి. వారి సంతతి నేటికీ నివసించే బార్కస్ పేరు సైనికుల బ్యారక్స్ నుండి వచ్చినదే. ఆ హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. హలీమూ వలస వచ్చినదే, పాస్ట్రామీయూ వలస వెళ్లినదే. కనుక వంటకానికి గౌరవం పుట్టుక వల్ల రాదు. తినేవారు దానిని తమదని నిర్భయంగా చెప్పుకొనడం వల్ల వస్తుంది. హలీమునకు దర్బారుల అండ దొరికింది. ఒట్టి తునకలకు దొరకలేదు. తేడా అంతకు మించి లేదు.

శీతలయంత్రం ఇంటింటా ఉన్న ఈ రోజులలో ఈ శ్రమ ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చును. అందరూ మరల దండేలు కట్టవలెనని నేను అనడం లేదు. యంత్రం మాంసాన్ని నిలువచేయగలదు గాని, ఎండ తెచ్చిన రుచిని తేలేదు. ఆ రుచి వెనుక ఉన్న జ్ఞాపకాన్ని అసలే తేలేదు. తెలిసిన చేతులు ఒక్కొక్కటే మనలను విడిచి వెళ్లుచున్నవి. ఉప్పు పాలెంత, ముక్క మందమెంత, ఎన్ని ఎండలు కావలెను అనే లెక్క ఏ పుస్తకానికీ ఎక్కకుండానే మాసిపోతున్నది.

సోదర విద్యార్థులారా! ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నానమ్మను, మీ దాదీని ప్రక్కన కూర్చోబెట్టుకొని ఆ లెక్క అడిగి వ్రాసుకొనండి. తెలుగులో వ్రాసినా మంచిదే, ఉర్దూలో వ్రాసినా మంచిదే. తిరిగి వచ్చునప్పుడు డబ్బా తెచ్చి, అందరి నడుమ మూత తీయండి. నా మిత్రుడు మరల తెచ్చిననాడు వరండా చివర అతని ప్రక్కన నేను కూర్చుంటాను. నాకు పెట్టడమా మానడమా అన్నది అతని ఇష్టం.