డాక్టరేటు ఇద్దరిది, ప్రశ్న ఎవరిది?

వరి చిరుపొట్ట దశలో ఉండగా ఆకు కొసల నుంచి, అంచుల నుంచి గడ్డిరంగుకు తిరిగి ఎండిపోతుంటే రైతు గుండె జారిపోతుంది. అది ఎండాకు తెగులు. నమ్మదగ్గ మందు లేదు. అయినా దుకాణందారు ఏదో డబ్బా చేతిలో పెడతాడు, కౌలురైతు అరువు రాయించుకుని కొడతాడు. తెగులు పోదు, బాకీ మిగులుతుంది.

1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరికి, అదే మన బీపీటీ 5204కి, ఈ తెగులే శాపమైంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈ రకానికి తెగులు తట్టుకునే శక్తి పెట్టింది ప్రభుత్వ పరిశోధనా సంస్థలే. హైదరాబాదులోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన డైరెక్టరేటు కలిసి మూడు నిరోధక జన్యువులను అందులోకి చేర్చాయి. మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. గింజ నాణ్యత చెడలేదు. ఈ విత్తనాన్ని రైతు దాచుకుని మళ్లీ చల్లుకోవచ్చు. హైబ్రిడ్ కంపెనీల విత్తనంతో ఆ వీలు లేదు.

విశ్వవిద్యాలయాలూ, ప్రభుత్వ ప్రయోగశాలలూ కలిసి పీహెచ్‌డీలు చేయించడాన్ని ఈ అనుభవంతోనే చూడాలి. విద్యార్థి పేరు విశ్వవిద్యాలయంలో ఉంటుంది, పని పరిశోధనా సంస్థలో సాగుతుంది, రెండు చోట్లా గైడ్లుంటారు. పద్ధతి మంచిదే. ఒకరి దగ్గర రైతులతో సంబంధముంది, మరొకరి దగ్గర ఖరీదైన పరికరాలున్నాయి. రెండూ ప్రజల సొమ్ముతో నడిచేవే. మరి చిక్కెక్కడ?

చిక్కు డాక్టరేటు స్వభావంలోనే ఉంది. సిద్ధాంత గ్రంథానికి ‘కొత్తదనం’ కావాలి. పొలానికి కావలసింది కొనసాగింపు. జన్యువును ఒక రకంలోకి తేవాలంటే తరం తర్వాత తరం సంకరం చేయాలి. ఆపైన అఖిల భారత స్థాయి పరీక్షలకే మూడేళ్లు పడుతుంది. విద్యార్థికి ఫెలోషిప్ ఉండేది మహా అయితే అయిదేళ్లు. అతను పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. తర్వాత వచ్చినవాడు ‘కొత్త’ అంశం వెతుక్కుంటాడు. సగంలో ఉన్న మొక్క ఎవరిది? విశ్వవిద్యాలయం సంస్థను చూపిస్తుంది, సంస్థ విశ్వవిద్యాలయాన్ని చూపిస్తుంది.

ఇంకొక సంగతి. సీఎస్ఐఆర్ ప్రయోగశాలల విద్యార్థులు పూర్వం విశ్వవిద్యాలయాల్లో నమోదయ్యేవారు. 2012లో పార్లమెంటు చట్టంతో వాటికి సొంతంగా పట్టాలిచ్చే అకాడమీ ఏర్పడింది. అక్కడి పీహెచ్‌డీ విద్యార్థి కొన్ని వారాల పాటు గ్రామీణ, సామాజిక సమస్యలపై ఒక ప్రాజెక్టు చేయాలన్న నియమం ఉంది. మెచ్చుకోదగ్గదే. కాని ఆ ప్రాజెక్టు ఒక దారి, అసలు సిద్ధాంత గ్రంథం ఒక దారి అయితే పల్లె ఒక మార్కుల కాగితంగా మిగిలిపోతుంది.

కనుక చేయవలసినవి మూడు. అంశం ఖరారు కాకముందే విద్యార్థి ఒక పంటకాలం పొలాల్లో గడపాలి. అంశాన్ని ఆమోదించే కమిటీలో రైతులు, కౌలురైతులు కూర్చోవాలి. ఒకరు వదిలిన పనిని మరొకరు అందుకోవడాన్ని కూడా డాక్టరేటుకు తగిన పనిగా ఒప్పుకోవాలి. ఆ పని పూర్తయ్యేదాకా బాధ్యత ఏ సంస్థదో ఒప్పందంలోనే రాయాలి.

పట్టా మీద రెండు సంస్థల ముద్రలు పడటం పెద్ద విషయమేమీ కాదు. వచ్చే సార్వాలో ఆకు ఎండినప్పుడు రైతు అప్పుచేసి డబ్బా కొనాలా, తట్టుకునే విత్తనం చల్లాలా? ఈ ప్రశ్నకు జవాబిచ్చిన చదువే ప్రజల చదువు.