గిటార్ లేకపోతే ఏం?

లీడ్ గిటారిస్ట్ దొరకలేదని బ్యాండ్ ఆలోచనే మానుకునేవాళ్లు ఒకసారి 'ఎగ్' వినాలి. ఇంగ్లండ్‌కి చెందిన ఈ బ్యాండ్‌లో ముగ్గురే: డేవ్ స్టూవర్ట్ ఆర్గాన్, మాంట్ క్యాంప్‌బెల్ బేస్ ప్లస్ పాట, క్లైవ్ బ్రూక్స్ డ్రమ్స్. అంతకుముందు వీళ్లతో ఉన్న గిటారిస్ట్ స్టీవ్ హిల్లేజ్ 1968లో చదువు కోసం వెళ్లిపోతే, ఆ చోటు ఖాళీగానే ఉంచేశారు.

1971 నాటి 'ది పొలైట్ ఫోర్స్' ఆల్బమ్ మొదటి పాటలో గిటార్‌లా గర్జించేది నిజానికి ఆర్గానే! తాళాలూ అంతే, నాలుగు దగ్గర ఆగవు. 1969లో వచ్చిన 'సెవెన్ ఈజ్ ఎ జాలీ గుడ్ టైమ్' పాటైతే ఏడు లెక్క గురించే. మన మిశ్రచాపు తెలిసినవాళ్లకి వెంటనే అందుతుంది.

మూడు ఆల్బమ్‌లు చేశారు, హిట్ ఒక్కటీ లేదు. అయినా నాకు వీళ్లే ఇష్టం. గిటార్ లేని లోటు ఒక్కచోటా వినపడదు. స్కిప్ కొట్టకుండా వినండి.