ఎందుకోసం సంపాదిస్తున్నావని అడిగామా?

మన సమావేశాల్లో "విజయగాథ" అనే మాట తరచుగా వినిపిస్తుంది. చదువుకుంటూనే పచ్చళ్లు అమ్ముతున్న అమ్మాయినీ, సకినాలు చేసి కాలేజీ ఫీజు కట్టుకున్న అమ్మాయినీ వేదిక మీదికి పిలుస్తాం. శాలువా కప్పి చప్పట్లు కొడతాం. ఏం అమ్ముతున్నావు, నెలకు ఎంత మిగులుతోంది అని అడుగుతాం. ఎందుకోసం సంపాదిస్తున్నావని మాత్రం అడగం. అలా అడగనివాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరూ అడగని అమ్మాయిని కూడా ఒకప్పుడు నేనే.

2013లో నేను జనగామలో డిగ్రీ చదువుతున్నాను. అప్పటికి జనగామ ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉంది. నాకు బొమ్మలంటే ప్రాణం. చేర్యాల నకాషీ పటం ఒకటి చూసినప్పటి నుంచి, పాలకుర్తి ఐలమ్మ కథను అలా పటంగా వేయాలని కోరిక. ఆ పనికి గుడ్డ ఊరికే పనికిరాదు. గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక పట్టించి ఆరబెట్టాలి. గుడ్డకు, రంగులకు, నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లిరావడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు కోసమే సంక్రాంతికి అమ్మా నేనూ సకినాలు చేసి అమ్మడం మొదలుపెట్టాం.

సకినాలు బాగా పోయాయి. పండుగ అయిపోయినా పెళ్లిళ్లకు, సారెలకు అడిగేవాళ్లు ఆగలేదు. పటం గుడ్డ అటకెక్కింది. ఒకసారి గుర్తుచేస్తే అమ్మ అన్నది: "బొమ్మలు కడుపు నింపుతయా బిడ్డా? ఇది నింపుతది." అమ్మను తప్పుపట్టను. ఆమెకు తెలిసిన లోకం ఆమెకు ఆ మాటే నేర్పింది. పెద్ద మూకుళ్లు, గ్యాస్ పొయ్యి కొనడానికి అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళ్లాను. "నాయన్నో అన్ననో తోలుకొని రా. రేపు నీకు పెండ్లయితే అప్పు ఎవరు కట్టాలె?" అన్నారు. అన్న వచ్చి సంతకం పెట్టాడు. అప్పు అన్న పేరున వచ్చింది. రెండేళ్లకు దుకాణం బోర్డు మీద కూడా అన్న పేరే వచ్చింది. సకినాలు చుట్టిన చేతులు మాత్రం మావే.

ఐలమ్మ దేనికోసం కొట్లాడింది? కౌలు భూమిలో తాను పండించిన పంటను విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా, సంఘం అండతో తన ఇంటికి చేర్చుకోవడం కోసం. ఆమె బొమ్మ వేద్దామనుకున్న నేను, నా కష్టం తాలూకు పైసలు నా చేతికి రాకపోతే నోరు మెదపలేదు. దొర ఎదుట ఉంటే గుర్తుపట్టడం సులువు. ఇంట్లోవాళ్లు, అందులోనూ ప్రేమగా చూసేవాళ్లు తీసుకుంటే, దానికి ఏ పేరు పెట్టాలో కూడా మనకు తోచదు.

ఇప్పుడు నియమాలు మారాయి కదా అనవచ్చు. కొంత నిజమే. 2011 నాటి నిబంధనలు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న ఆహార వ్యాపారానికి లైసెన్సు అక్కర్లేదు, ఏడాదికి 100 రూపాయల ఫీజుతో నమోదు చాలన్నాయి. 2015లో వచ్చిన ముద్ర పథకంలో 10 లక్షల దాకా తాకట్టు లేకుండా అప్పు ఇవ్వాలన్నారు. 2020లో కేంద్రం చిన్న ఆహార పరిశ్రమల కోసం తెచ్చిన పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ. అయితే అందులోనే ఒక షరతు పెట్టారు: ఒక కుటుంబం నుంచి ఒక్కరికే సాయం. కుటుంబమంటే తాను, జీవిత భాగస్వామి, పిల్లలు. ఇంటికి ఒక్కరే అన్నప్పుడు ఆ ఒక్కరు ఎవరవుతారో మనకు తెలియదా? కాయితం మీద ఆడా మగా తేడా కనిపించదు. ఆ కాయితం ఇంట్లోకి వచ్చాక తండ్రి పేరో కొడుకు పేరో పడుతుంది.

2016 అక్టోబరులో మా వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. పని మీద ఈ మూడుచోట్లా తిరుగుతుంటాను. నా కథే వేర్వేరు రూపాల్లో ఎదురవుతూ ఉంటుంది. వాళ్ల పేర్లు రాయడం లేదు.

మహబూబాబాద్ దగ్గర తండాలో ఒక డిగ్రీ విద్యార్థిని ఉంది. నాయనమ్మ దగ్గర అద్దాల కుట్టు నేర్చుకుంది. పాత కుట్టుతో కొత్త బొమ్మలు కుడుతుంది. ఆ చదువే పైకి చదవాలని ఆమె ఆశ. అందుకోసం పండుమిర్చి పచ్చడి పెట్టి అమ్మింది. ఆ డబ్బు ఎటు పోయింది? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి బాకీ కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీ అంటే, అక్కడికి పోయింది. ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు. 2025 నవంబరులో ఈ బకాయిల కోసం రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు రోజుల తరబడి బంద్ పాటించాయి. సర్కారు బాకీని ఆ పిల్ల పచ్చడి జాడీలు తీర్చాయి. మనం దాన్ని స్వయం ఉపాధి అని మెచ్చుకున్నాం. హక్కుగా రావలసింది రానప్పుడు చేసుకునే పనికి స్వావలంబన అని పేరు పెడితే లాభం ఎవరికి?

భూపాలపల్లిలో ఇంకొక అమ్మాయి. తండ్రి బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడు. తల్లితో కలిసి సాయంత్రాలు మిర్చీ, పునుగుల బండి నడుపుతుంది. నాటికలు రాస్తుంది, ఫోనుతో చిన్న సినిమాలు తీస్తుంది. పొద్దున ఇంటిపని, పగలు కాలేజీ, సాయంత్రం బండి, రాత్రి అంట్లు. తమ్ముడికి పరీక్షలు కాబట్టి వాడిని ఎవరూ కదిలించరు. ఆమెకూ అవే రోజుల్లో పరీక్షలు! "నాకు పైసలు గాదక్కా, రోజుకు రెండు గంటలు కావాలె" అన్నది. 2024 జాతీయ కాల వినియోగ సర్వే చూడండి: జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. దీని మీద వంట వ్యాపారం కూడా వచ్చి పడితే, ఆ అమ్మాయికి అది రెండో వంటిల్లు అవుతుంది.

"ముందు కడుపు, తర్వాతే కళ" అని మనలోనే కొందరు మిత్రులు వాదిస్తారు. ఆకలిని నేను తక్కువ చేయడం లేదు. కానీ జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలను చూడండి. జొన్నలు, కొర్రలు, విత్తనాలు కాపాడుకున్న ఆ పేద స్త్రీలే కెమెరాలు పట్టి సినిమాలు తీశారు. 2008 నుంచి మాచనూరులో సంఘం రేడియో నడిపారు. కడుపు పూర్తిగా నిండేదాకా వాళ్లు ఆగలేదు. తిండి, మాట రెండూ తమవేనన్నారు. వాళ్లకు సంఘం ఉంది. మన అమ్మాయిలు ఒంటరిగా, ఇంటి నీడలో చేస్తున్నారు. తేడా అక్కడుంది.

వర్జీనియా వూల్ఫ్ 1929లో రాయాలనుకునే స్త్రీకి ఏడాదికి 500 పౌండ్లు, తనదైన ఒక గది కావాలన్నది. మా ప్రాంతపు అమ్మాయి ఆ డబ్బు కూడా తానే సంపాదించుకుంటోంది. అయినా ఆ డబ్బు మీద, తన గంటల మీద అధికారం ఆమెకు రావడం లేదు.

కాబట్టి కార్యకర్తలుగా మనం చేయవలసిన పని ఉంది. వ్యాపారం మొదలుపెట్టించే రోజే ఖాతా ఆమె పేరున తెరిపించాలి, కార్డు ఆమె దగ్గరే ఉండాలి. సామాను ఖర్చు రాసే పుస్తకంలోనే ఆమె పనిగంటలకు కూలి కూడా రాయించాలి. అమ్మ కూలి కూడా రాయించాలి. తన లక్ష్యానికి ఇంత అని మొదటి లెక్కలోనే తీసి పెట్టించాలి. ఇంట్లో కూర్చొని, తమ్ముడు ఏ పని పంచుకుంటాడో అందరి ముందు తేల్చాలి. ఫీజు బకాయిల మీద విద్యార్థి సంఘాలతో కలిసి మనమూ కలెక్టరేట్ల ముందు కూర్చోవాలి. ఇంటికి ఒక్కరే అనే షరతు తీసేయమని అడగాలి. మన నివేదికల్లో "నెల ఆదాయం" గడి పక్కనే ఇంకొక గడి గీద్దాం: "ఎందుకోసం?"

నా పటం ఇంకా సగంలోనే ఉంది. ఐలమ్మ చేతిలో కొడవలి వేశాను, పంట వేయలేదు. ఈ సంక్రాంతికి అమ్మ ఫోన్ చేసి సకినాలు చుట్టడానికి రమ్మన్నది. వస్తాను, నా కూలి పుస్తకంలో రాయాలన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నాది?" అని అడిగింది.